ఒసేయ్ సుశీ, ఇక్కడా వ్రతాలున్నాయే!

లేగోస్ (నైజీరియా), ఆదివారం

ఒసేయ్ సుశీ,

తిట్టుకో, పడతాను. నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. చిన్నాడికి మలేరియా తగ్గింది, ఈయనకి ఆడిట్, నాకు నడుంనొప్పి. ఇక అసలు సంగతి.

మొన్న అబెయోకుటా వెళ్ళాను. అక్కడి ఇటోకు బజారంతా "అదిరే" అనే బట్టలే, నీలిమందు అద్దకం. నేను బేరమాడుతుంటే కొట్లో ముసలావిడ పక్కున నవ్వింది. "మా అమ్మమ్మ ఇలాగే రాజుతో బేరమాడింది, పిక్నిక్‌కి వెళ్ళి" అంది.

తెల్లవాళ్ళ హయాంలో అక్కడి ఆడవాళ్ళకి విడిగా పన్ను. మొగుడు కట్టినా పెళ్ళాం కట్టాల్సిందే. వసూలు చేయించేది వాళ్ళ రాజు, అలాకే. ఫున్మిలాయో రాన్సమ్-కుటి అనే టీచరమ్మ అప్పటికే చదువుకున్న ఆడవాళ్ళతో ఒక క్లబ్బు నడిపేది. బజారు ఆడవాళ్ళనీ కలుపుకుని 1946లో దాన్ని యూనియన్ చేసింది. ఊరేగింపుకి పర్మిషన్ ఇవ్వకపోతే "ఊరేగింపు కాదండీ, పిక్నిక్" అనేవాళ్ళట! సుశీ, మన సత్యనారాయణ వ్రతాలు గుర్తొచ్చి బజార్లోనే పడీ పడీ నవ్వాను. వార్డెన్‌కి ప్రసాదం కూడా పట్టుకెళ్ళావు కదే నువ్వు!

వేలమంది రాజు కోట ముందు కూర్చుని పాటలు పాడారు. ఆ పాటలు ఉత్తరంలో రాయలేను, ఫోన్లో చెప్తా, పక్కన మీ అత్తగారు లేనప్పుడు. 1949 జనవరిలో రాజు గద్దె దిగాడు. మరుసటేడు చివర్లో మళ్ళీ వచ్చాడనుకో.

ఈవిడ ఇంగ్లండులో చదివొచ్చింది. అయినా దొరల ముందు కావాలనే తమ భాష యొరుబాలో మాట్లాడేది, బజారువాళ్ళలాగే కట్టుకునేది. 1947లో లండన్ వెళ్ళి, బ్రిటిష్‌వాళ్ళు రాకముందే మా ఆడవాళ్ళకి సమానత్వం ఉండేదని అక్కడి పేపర్లోనే రాసింది. ఘనా నాయకుడు ఎన్‌క్రుమాతో స్నేహం. చైనా వెళ్ళొచ్చాక సర్కారు ఆవిడ పాస్‌పోర్టు రెన్యూ చెయ్యలేదు. కాలేజీ డిబేట్లో నువ్వు "ఫెమినిజం తెల్లవాళ్ళ సరుకు" అంటే నేను నోరెత్తలేదు చూడు, ఇప్పుడు గనక... సరే, వదిలెయ్.

నాకు తెలిసిందల్లా ఆవిడ పాటగాడు ఫేలా తల్లి అని. సిగ్గేసింది. 1977లో సైనికులు ఫేలా ఇంటి మీద పడి, డెబ్బయ్యారేళ్ళ ఆవిణ్ణి కిటికీలోంచి కిందకి తోసేశారు. మరుసటేడు పోయింది. ఇది చెప్పి ముసలావిడ డబ్బులు లెక్కపెట్టుకుంది, నా మొహం చూడలేదు. నేనూ ఇంక బేరమాడలేదు.

ఈయన ఆఫీసు కుర్రాడు రాత్రి ఫ్లైటుకి హైదరాబాద్ వస్తున్నాడు, ఉత్తరం, నీ బట్ట వాడి చేతికే ఇస్తున్నా. అదుగో హారన్ కొడుతున్నాడు. ముందు ఉప్పునీళ్ళలో నానబెట్టు, లేకపోతే మీ ఆయన తెల్ల పంచెలన్నీ

నీ
రాజీ