లారీకి తూకం, కారుకు బిల్లు: రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను మలక్‌పేటలో 19 ఏళ్లుగా కారు డ్రైవింగ్ నేర్పుతున్నాను. పాత మారుతి 800తో మొదలుపెట్టాను. ఇప్పుడు రెండు ఆల్టోలు, ఒక వ్యాగన్ఆర్ ఉన్నాయి. క్లాసులు అయిపోయే రోజు ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే: "సార్, ఏ బండి తీసుకోమంటారు?" పదేళ్ల కిందట ఇది ఆల్టోనా, ఐ10నా అనే ప్రశ్న. ఇప్పుడు అడిగేవాళ్లు జవాబు కూడా వెంట తెచ్చుకుంటున్నారు. "ఎస్‌యూవీయే కదా సార్?"

కాదంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. అందుకే మీకు రాస్తున్నాను. బండి ఎంచుకునేది వాళ్లే అయినా, ఆ ఎంపిక వెనుక కార్ల మీద మీ శాఖ వేసే పన్ను లెక్క కూడా ఉంది.

ముందు ఒక సంగతి చెప్పాలి. పోయిన ఎండాకాలం నా దగ్గర నేర్చుకున్న ఒక మేడం, బ్యాంకు ఉద్యోగి, పెద్ద ఎస్‌యూవీ తీసుకున్నారు. కొత్త బండి చేతికి అలవాటయ్యేదాకా నాలుగు రోజులు పక్కన కూర్చోమంటే వెళ్లాను. మూడో రోజు పొద్దున అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి బండి తీస్తున్నారు. ఫస్ట్ గేరు, హాఫ్ క్లచ్, అంతా సరిగ్గానే చేస్తున్నారు. అద్దాలూ చూసుకున్నారు. బండి మెల్లగా కదిలాక కింద ఏదో కర్రుమంది. దిగి చూస్తే బంపరు కింద ఎర్ర ప్లాస్టిక్ మూడు చక్రాల సైకిలు, ముందు చక్రం పక్కకు ఒరిగిపోయి ఉంది. వాచ్‌మన్ కొడుకుది. పిల్లాడు నీళ్లు తాగడానికి అప్పుడే గదిలోకి వెళ్లాడట. గుమ్మంలో స్టీలు గ్లాసు పట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు.

మేడం అరగంటసేపు స్టీరింగ్ ముట్టుకోలేదు. నేనూ పక్క సీట్లోనే ఉన్నాను కదా, 19 ఏళ్ల అనుభవంతో. నాకూ కనబడలేదు.

ఆ సాయంత్రం మా ఇంట్లోని ప్లాస్టిక్ బిందె తీసుకెళ్లి రెండు బండ్ల ముందూ పెట్టి చూశాం. డ్రైవర్ సీట్లో మేడమే కూర్చున్నారు. ఆల్టోలో బంపరుకు ఐదారు అడుగుల దూరం జరిపేసరికి బిందె మూతి కనబడింది. పెద్ద బండిలో పదడుగులు జరపాల్సి వచ్చింది. వెనక్కి తీసేటప్పుడు కెమెరా ఉంది, సెన్సార్ కూత పెడుతుంది. ఆ మోడల్‌కు ముందువైపు కెమెరా లేదు. ఎత్తులో కూర్చుంటే రోడ్డంతా కనబడుతుందని షోరూంలో చెబుతారు. నిజమే, దూరంగా ఉన్నది బాగా కనబడుతుంది. ముక్కు కింద ఉన్నదే కనబడదు.

ఎత్తు బానెట్‌తో ఇంకో చిక్కుంది. అమెరికాలో ఐఐహెచ్ఎస్ అని బీమా కంపెనీలు నడిపే పరిశోధన సంస్థ ఉంది. నడిచేవాళ్లకు జరిగిన దాదాపు 18 వేల ప్రమాదాలను పరిశీలించి 2023లో చెప్పింది: బానెట్ 40 అంగుళాల కన్నా ఎత్తున్న బండి తగిలితే, 30 అంగుళాల లోపు వాలు బానెట్ ఉన్న బండితో పోలిస్తే ప్రాణం పోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువ. కారణం మీకు వేరే చెప్పనక్కర్లేదు. చిన్న కారు కాళ్లకు తగిలి మనిషి బానెట్ మీదికి ఒరుగుతాడు. పెద్దది గుండెకో తలకో తగిలి కిందికి పడేస్తుంది. మన దేశంలో 2022లో రోడ్డు మీద 1.68 లక్షల మంది చనిపోయారు. వాళ్లలో దాదాపు 45 శాతం టూవీలర్ మీద ఉన్నవాళ్లు, ఐదో వంతు నడిచి వెళ్తున్నవాళ్లు. కార్ల సైజు గురించి మాట్లాడేటప్పుడు కారు లేనివాళ్ల లెక్క కూడా చూడాలని అంటున్నాను, అంతే.

పెద్ద బండి కొనేవాళ్లను నేను తప్పుపట్టడం లేదు. వాళ్ల కారణాలు రోజూ వింటాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు, కింద సీట్లోకి దిగలేదు, లేవలేదు అంటారు. ఇది నిజమైన ఇబ్బంది. (వ్యాగన్ఆర్ సీటు ఎత్తు చాలు అని చూపిస్తే సగం మంది ఒప్పుకుంటారు. మిగతా సగానికి మోకాళ్లు ఒక సాకు.) నెలనెలా ఏడుగురు కలిసి ఊరికి పోయేవాళ్లున్నారు, పొలం బాటలో తిరిగేవాళ్లున్నారు. వాళ్లకు చిన్న కారు కొనమని చెప్పే బుద్ధి నాకు లేదు. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి రోజూ పని ఏమిటి? మలక్‌పేట నుంచి హైటెక్ సిటీకి ఒక్కరే పోవడం, ఒక్కరే రావడం. డెబ్బై కిలోల మనిషిని మోయడానికి రెండు టన్నుల ఇనుము. చాదర్‌ఘాట్ దగ్గర ఫస్ట్ గేరులో నిలబడి ఉంటే ఆల్టోకైనా ఎస్‌యూవీకైనా వేగం ఒకటే.

ఇంకో కారణం ఎక్కువమంది గట్టిగా చెప్పరు. భయం. "అందరూ పెద్ద బండ్లే కొంటున్నారు సార్, చిన్నదాంట్లో ఉంటే నలిగిపోతాం." ఇందులో అబద్ధం లేదు. బరువైనదీ తేలికైనదీ గుద్దుకుంటే ఎక్కువ దెబ్బ తేలికైనదానికే. నేను నడిపే వ్యాగన్ఆర్‌కే 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అని బండ్లను గుద్దించి భద్రత చూసే పరీక్షలో ఐదింటికి ఒక్క స్టార్ వచ్చింది, ఆల్టోకు రెండు. దాచను. అదే పరీక్షలో 2024లో ఎస్‌యూవీ కాని కొత్త డిజైర్ కారుకు పెద్దవాళ్ల భద్రత విషయంలో ఐదు స్టార్లు వచ్చాయి. అంటే పెద్దగా కట్టకుండానే గట్టిగా కట్టొచ్చు. కానీ పక్కింటివాడి బండి చూసి భయపడి ఇంకా పెద్దది కొనడం మొదలైతే అది ఎక్కడ ఆగుతుంది? బండ్ల కంపెనీల సంఘం సియామ్ లెక్క ప్రకారం 2024-25లో దేశంలో అమ్ముడైన ప్యాసింజర్ బండ్లలో 65 శాతం యుటిలిటీ రకమే, అంటే ఎస్‌యూవీలూ వాటిలాంటివీ.

ఇక మీ శాఖ లెక్కకు వస్తాను.

2006 బడ్జెట్‌లో కేంద్రం చిన్న కార్లకు ఎక్సైజ్ సుంకం తగ్గించింది. నాలుగు మీటర్ల లోపు పొడవుండాలి, పెట్రోలు ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకూడదు. ఏమైంది? కంపెనీలు టేపు పట్టుకుని కార్లు తయారుచేశాయి. టాటా ఇండిగో కారుకు వెనక డిక్కీ కోసి ఇండిగో సీఎస్ అని అమ్మారు. ఇవాళ్టి ఎస్‌యూవీలు చూడండి, బ్రెజా పొడవు 3995 మిల్లీమీటర్లు. నెక్సాన్ 3995, వెన్యూ 3995. అన్నీ సరిగ్గా గీతకు ఐదు మిల్లీమీటర్లు ఇవతల ఆగాయి! ఇప్పుడు జీఎస్టీలోనూ అదే గీత. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ లోపు బండికి 18 శాతం, దాటితే 40. రూలు పొడవును పట్టుకుంది కాబట్టి పొడవు ఆగింది. వెడల్పును, ఎత్తును, బరువును పట్టుకోలేదు కాబట్టి అవి పెరిగాయి. ఆల్టో వెడల్పు 1490 మిల్లీమీటర్లయితే నెక్సాన్‌ది 1804. జీఎస్టీ లెక్కలో మాత్రం రెండూ చిన్న కార్లే.

కారు ఆకారాన్ని డిజైనర్ కన్నా ముందు పన్నే గీస్తుందని దీన్నిబట్టి తెలుస్తోంది. బండి రిజిస్టర్ చేసేటప్పుడు ఒకేసారి కట్టించుకునే లైఫ్ ట్యాక్స్ మీ చేతిలో ఉంది. వాహనాల మీద పన్ను రాజ్యాంగం రాష్ట్రాలకు ఇచ్చిన అధికారం. కానీ మన లైఫ్ ట్యాక్స్ ముఖ్యంగా చూసేది బండి ధరనే. సరుకు లారీకి బరువు చూసి పన్ను కట్టించుకుంటారు, ఎందుకంటే రోడ్డు మీద భారం పడేది బరువు వల్ల. అదే రోడ్డు మీద తిరిగే కారుకు వచ్చేసరికి తూకం పక్కనపెట్టి షోరూం బిల్లు చూస్తారు. దీనికి కొత్తగా సర్వేలు, కమిటీలు ఏమీ అక్కర్లేదు. ఆర్‌సీలో ఖాళీ బండి బరువు రాసే ఉంటుంది. ఏ గడి చూడాలన్నదే ప్రశ్న.

ఎలక్ట్రిక్ బండ్ల సంగతి ఇంకా విచిత్రం. 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా వాటికి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేశారు. మంచి నిర్ణయమే, పొగ పీల్చే మాలాంటివాళ్లకు బాగా తెలుసు. కానీ కోటి దాటిన, రెండున్నర టన్నుల ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కొన్నవారు లైఫ్ ట్యాక్స్ ఒక్క రూపాయి కట్టరు. నా స్టూడెంట్ ఒకామె, టైలరింగ్ షాపు నడుపుతుంది, చిట్టీ ఎత్తి ఆల్టో కొంది. ఆమె మాత్రం అణా పైసలతో కట్టింది. ఆ మాఫీ గడువు ముగిశాక మళ్లీ పొడిగించే ఆలోచన ఉంటే, దయచేసి బరువుకో ధరకో ఒక గీత పెట్టండి.

ఇలా చేసినవాళ్లు ఉన్నారు. పారిస్‌లో 2024 ఫిబ్రవరిలో జనాన్ని ఓటు అడిగారు. ఆ అక్టోబరు నుంచి బయటినుంచి వచ్చే బరువైన కార్లకు పార్కింగ్ ఫీజు మూడింతలు చేశారు. నడిబొడ్డున గంటకు 18 యూరోలు. గీత ఎక్కడంటే పెట్రోలు, డీజిల్ బండ్లకు 1.6 టన్నులు, ఎలక్ట్రిక్‌కు బ్యాటరీ బరువు ఉంటుంది కాబట్టి 2 టన్నులు. జపాన్‌లో కీ కార్లని ఉంటాయి. పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48, ఇంజిన్ 660 సీసీ దాటకూడదు. అక్కడ చిన్న కారు అంటే వెడల్పూ కొలుస్తారు.

వెడల్పు అంటే గుర్తొచ్చింది. మా గల్లీ ఇరవై అడుగులు, అంటే ఆరు మీటర్ల పైచిలుకు. రెండు వైపులా ఆల్టోలు నిలిపితే మధ్యలో మూడు మీటర్లు మిగులుతుంది. రెండు స్కార్పియో ఎన్‌లు నిలిపితే, ఒక్కోటి 1917 మిల్లీమీటర్లు, మిగిలేది రెండుంపావు. గోడకు ఆనించి ఎవరూ ఆపరు కాబట్టి అదీ ఉండదు. మొన్న వర్షాకాలంలో మా వీధి చివరి ఇంటి పెద్దాయనకు ఆయాసం వస్తే అంబులెన్స్ మలుపు దగ్గరే ఆగిపోయింది. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకొచ్చాం. ఆయన బాగానే ఉన్నారు, ఇప్పటికీ నన్ను చూస్తే "పల్లకీ ఎప్పుడు తెస్తావురా" అంటారు.

జనం ఎత్తు బండి కొనడానికి ప్రభుత్వమే కల్పించిన కారణం ఇంకోటుంది. అది మీ శాఖది కాదని తెలుసు, అయినా కేబినెట్‌లో పక్కపక్కనే కూర్చుంటారు కదా, ఒక మాట వేయండి. రోడ్ల కొలతలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు మూడున్నర మీటర్లు ఉండాలి. మా గల్లీ మొదట్లో ఉన్నదాన్ని స్కేలు పెట్టి కొలిచాను. ఎత్తు 17, వెడల్పు రెండు అడుగులు కూడా లేదు. వ్యాగన్ఆర్ కింద ఖాళీ పదహారున్నర సెంటీమీటర్లు. నలుగురు కూర్చుంటే ఇంకా తగ్గుతుంది. రోజూ రెండుసార్లు బండి పొట్ట గీరుకుంటుంటే మనిషి ఎన్నాళ్లు ఓర్చుకుంటాడు? గ్రౌండ్ క్లియరెన్స్ అని పలకడం కూడా రానివాళ్లు దాని గురించి అడుగుతున్నారంటే అది ఈ గడ్డల పుణ్యమే. వాటిని కొలత ప్రకారం సరిచేస్తే చాలామందికి ఎస్‌యూవీ మోజు సగం దిగిపోతుందని నా నమ్మకం.

లైసెన్స్ గురించి కూడా ఒక ముక్క. నా ఆల్టోలో 8 వేసి, హెచ్ ట్రాక్‌లో రివర్స్ తీసి పాసైనవాళ్లు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్‌తో ఏడున్నర టన్నుల లోపు బండి ఏదైనా నడపొచ్చు. చిన్న బండిలో వచ్చిన జడ్జిమెంట్ పెద్ద బండిలో పనికిరాదు, మళ్లీ మొదటినుంచి రావాలి. లైసెన్స్ రకాలు మార్చడం కేంద్రం పని, అది మిమ్మల్ని అడగను. మీ ట్రాక్‌ల మీద పెద్ద బండి ఒకటి నిలబెట్టి, ముందు ఒక బిందె పెట్టి, లైసెన్స్‌కు వచ్చిన ప్రతివాళ్లనూ ఒక్క నిమిషం ఆ సీట్లో కూర్చోబెడితే చాలు. ఖర్చు బిందెదే. అలాగే బంపరు ముందు బిగించే ఇనుప కడ్డీలు, బుల్ బార్లు. అవి చట్టవిరుద్ధమని 2017 డిసెంబరులోనే కేంద్రం అన్ని రాష్ట్రాలకూ రాసింది. మా చౌరస్తాలో అరగంట నిలబడితే ఎన్ని పోతాయో లెక్కపెట్టొచ్చు. మీ కాన్వాయ్ గురించి నేను మాట్లాడను.

వీలు చూసుకుని ఒక పొద్దున ఎనిమిదిన్నరకు మలక్‌పేట రండి సార్. నా ఆల్టో మీరే నడపండి, చాదర్‌ఘాట్ మీదుగా కోఠి దాకా పోయి వద్దాం. ముందూ వెనకా ఏ బండ్లు ఉంటాయో, ఆ చిన్న సీట్లోంచి అవి ఎలా కనబడతాయో మీరే చూద్దురు. భయం లేదు, రెండో బ్రేకు నా కాలి కింద ఉంటుంది.

ఇట్లు,
ఒక డ్రైవింగ్ స్కూల్ మాస్టరు,
మలక్‌పేట, హైదరాబాద్