చిన్నోడికి, కలిగిరి నుంచి నాన్న

చిరంజీవి చిన్నోడిని నాన్న దీవించి రాయునది.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాళ్ళ సంగతి ఆమే ఫోన్లో చెబుతుందిలే.

ఉద్యోగం మాని మన ఊళ్ళో సరుకుల మార్టు పెడతానని నువ్వు పంపిన లెక్కలు తీరిగ్గా కూర్చుని చదివాను. ఏసీ, బిల్లింగు మిషను, ఎమ్మార్పీ మీద డిస్కౌంటు, అన్నీ బాగా వేశావు. కానీ అందులో అప్పు పద్దు లేదురా. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డం పడతావని ఉత్తరం రాస్తున్నా.

మన దగ్గర పొగాకు నారు నాటేది అక్టోబరు, నవంబరుల్లో. ఆకు కోసి, బ్యారన్‌లో, అంటే ఆకు ఆరబెట్టే పొయ్యి గదిలో కాల్చి, గ్రేడు చేసి, బేళ్ళు కట్టి వేలానికి తోలేసరికి ఎండలు ముదురుతాయి. వేలం డబ్బు రైతు ఖాతాలోనే పడుతుంది గానీ, బ్యాంకు తన పంట అప్పు ముందే పట్టుకుంటుంది. మిగిలింది ఎరువుల కొట్టుకీ, బట్టల కొట్టుకీ, కిరాణా కొట్టు నడిపే నాకూ వస్తుంది. ఈ మధ్యలో నెలల తరబడి ఆ ఇంటికి బియ్యం, నూనె, కందిపప్పు, బ్యారన్ కూలీలకు టీపొడి, చక్కెర ఎవరు ఇస్తారు? మా పద్దు పుస్తకాలే. ఎవరికి ఎంతదాకా ఇవ్వచ్చో, ఎవరి బోరు ఎండిందో, ఎవరు కూతురి పెళ్ళి పెట్టుకున్నారో తెలిసినవాడే ఈ కొట్టు నడపగలడు. నీ బిల్లింగు మిషనుకు అవి తెలియవు. రొక్కానికి కొనేవాళ్ళు లేకపోలేదు, వాళ్ళు కావలి టౌనుకు పోయి కొనుక్కుంటారు, సినిమా కూడా చూసి వస్తారు.

సెంటర్లో జిరాక్సు కొట్టతన్నే చూడు. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు తన పని అయిపోయిందన్నాడు. 2025 జనవరిలో సర్టిఫికెట్లు వాట్సాప్‌లోకే వచ్చాయి, మన మిత్ర అని. అయినా అతని దగ్గర జనం తగ్గలేదు. ఫోను అతని చేతిలో పెట్టి, 'నువ్వే నొక్కు నాయనా' అంటారు. కాగితం కన్నా, పక్కన నిలబడి పని చేసిపెట్టే మనిషికే ఇక్కడ డబ్బులిస్తారు.

అందుకే నా మాట విను. ఈ ఊరికి ఇంకో సరుకుల కొట్టు వద్దు. మోటారు వైండింగు షాపు, అంటే కాలిన మోటార్లకు తీగ మళ్ళీ చుట్టే కొట్టు కావాలి. ఉన్నది చాలడం లేదు, మేస్త్రికి చూపు కూడా మందగించింది.

ఏప్రిల్, మే నెలల్లో అక్కడికి పోయి చూస్తే తెలుస్తుంది. కాలిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు గోడ వెంబడి వరసగా పడుకుని ఉంటాయి. ఓల్టేజీ తగ్గితే మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడెక్కి కాయిలు పోతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా అంతే. రైతుకు కరెంటు ఉచితమేగానీ స్టార్టరులో ఫేజు పోతే మోటారును ఆపే ప్రివెంటరు పెట్టుకోడు, కరెంటు రాగానే దానంతటదే మోటారు వేసే ఆటో స్విచ్ మాత్రం పెట్టుకుంటాడు. బోరులో నీళ్ళు కిందికి పోయి మోటారు ఉత్తగా తిరిగినా కాలుతుంది. నీకు ఇవన్నీ నేను చెప్పాలా, బీటెక్ ఎలక్ట్రికల్ చదివి! చదివినవాడివి నువ్వు, బ్యాంకు లోను కట్టింది నేను.

పైపులు లేపి, మోటారు పైకి తీసి, ట్రాక్టరులో తెచ్చి, వైండింగు అయ్యాక మళ్ళీ దించేదాకా తోటకు తడి లేదు. ఆ ఎండల్లో బత్తాయి పిందె రాలిపోతుంటే రైతు బేరమాడడు, ఎప్పుడిస్తావనే అడుగుతాడు. మా కొట్లో రూపాయికి కీచులాడే మనిషే అక్కడ జేబులోంచి నోట్లు తీసి బల్ల మీద పెట్టడం నేను కళ్ళారా చూశాను.

కష్టం లేదనను. పాత తీగ లాగేముందు చుట్లెన్నో, తీగ లావు (గేజీ) ఎంతో రాసుకోవాలి. నీళ్ళలో తిరిగే మోటారుకు ప్లాస్టిక్ పొర ఉన్న రాగి తీగ చుట్టాలి, ఒక్కచోట గీసుకుపోయినా మళ్ళీ కాలుతుంది, వాడు మళ్ళీ నీ దగ్గరికే వచ్చి అరుస్తాడు. రాగి ధర పెరిగితే పెట్టుబడి పెరుగుతుంది. వానలు బాగా పడిన ఏడు పని సగమవుతుంది, అప్పుడు ఇంటి మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు చూసుకోవాలి. వేళ్ళు నల్లబడతాయి. మీ అత్తగారు ఏమంటుందో నాకు తెలియదు, మీ అమ్మ మాత్రం ఇప్పుడే గొణుగుతోంది, ఇంజినీరు కొడుకు మోటార్లు చుడతాడా అని. ఉదయగిరి చెక్క గరిటెలు తెచ్చి ఆన్‌లైన్లో అమ్మమంటోంది. అదీ మంచి సరుకే, కాదనను, కానీ దానికి నువ్వు కలిగిరిలోనే ఉండాల్సిన పని లేదు.

మేస్త్రితో మాట్లాడాను. సంక్రాంతి తర్వాత వచ్చి వేసవంతా తన దగ్గర కూర్చుంటే నేర్పుతానన్నాడు. జీతం ఇవ్వడట, నేర్పినందుకు డబ్బూ తీసుకోడట. ఉద్యోగం అప్పుడే మానకు, సెలవు పెట్టి రా. కోడలితో ముందు మాట్లాడు. మన రేకుల షెడ్డును సిమెంటు వ్యాపారి అద్దెకు అడుగుతున్నాడు, ఉగాది దాకా ఆగమన్నాను.

ఇట్లు,
నాన్న