బిల్లు మీద ఆ స్టాంపు తీసేయించండి

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతికి గారెల పిండి రుబ్బుకోవడానికని పండగకి పది రోజుల ముందు మా ఊళ్ళో ఒక షాపులో గ్రైండర్ కొన్నాం, 6,400 రూపాయలు పెట్టి. భోగి నాడు మినప్పప్పు వేసి ఆన్ చేస్తే కాసేపటికి తెల్లటి పిండిలో నల్లటి చారలు కనిపించాయి. అత్తయ్య వేలితో తీసి చూస్తే జిడ్డుగా గ్రీజు. ఆ పప్పంతా పారబోసి, గిన్నె కడిగి మళ్ళీ తిప్పినా అంతే, మధ్యలో కడ్డీ దగ్గర్నుంచి కారుతూనే ఉంది.

కనుమ వెళ్ళాక ఆటోలో వేసుకుని తీసుకెళ్తే షాపాయన గ్రైండర్ వైపు కూడా చూడలేదు. నా చేతిలో బిల్లు తీసుకుని అడుగున వేలు పెట్టి చూపించారు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని రబ్బరు స్టాంపు. "ఇది చూసే కదమ్మా కొన్నారు, ఇక కంపెనీ వాళ్ళతో మాట్లాడుకోండి" అన్నారు. నేనూ నమ్మేశాను. స్టాంపు వేసి మరీ ఇచ్చారంటే రూలే అలా ఉందేమో అనుకుని మళ్ళీ ఆటో ఎక్కాను.

లా చదువుతున్న మా మరిది కొడుకు చెప్పాక తెలిసింది, రూలు అలా లేదని. 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టంలో, లోపం ఉన్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి అని స్పష్టంగా ఉంది. మేం కొని అప్పటికి పదిహేను రోజులు కూడా కాలేదు. కొన్నాక చీర రంగు నచ్చలేదంటే షాపువాళ్ళు తీసుకోకపోవచ్చు, అది వేరే సంగతి, కానీ పాడైన వస్తువు అంటగట్టి స్టాంపు చూపిస్తే చెల్లదు.

వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చి కంపెనీకి పంపారు. పది రోజుల్లో కంపెనీ మనిషి వచ్చి చూసి, సీలు పోయిందని ఒప్పుకుని కొత్తది ఇచ్చాడు. మా పక్కింటావిడ ఫ్రిజ్‌దీ ఇదే కథ, కానీ ఆవిడ "కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు, లాయరు ఫీజు ఎవరిస్తారు" అని వదిలేసింది. లాయరు అక్కర్లేదని, ఐదు లక్షల లోపు వస్తువైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజే లేదని, మనం ఉండే ఊరి కమిషన్‌లోనే వేసుకోవచ్చని, షాపునీ కంపెనీనీ ఇద్దర్నీ చేర్చవచ్చని, రెండేళ్ళ టైం ఉంటుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పైగా బిల్లు లేదు, జీఎస్టీ తగ్గుతుందని షాపువాళ్ళు అంటే సరేనని తెల్లకాగితం మీద రాయించుకుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే చట్టం ప్రకారం తప్పే. ఆవిడేమో తనదే తప్పనుకుని నోరు మూసుకుంది, నాకు బాధగా ఉన్నది అక్కడే.

ఇలాంటి ఫిర్యాదుల మీద విచారణ చేసే అధికారం ఆ చట్టం జిల్లా కలెక్టర్లకి కూడా ఇచ్చింది. కాబట్టి మా గుంటూరు జిల్లా కలెక్టర్ గారికి మీ పత్రిక ద్వారా విన్నపం: ఆ స్టాంపులు, బిల్లు పుస్తకాల్లో అచ్చు వేసిన ఆ వాక్యాలు తీసేయమని షాపులకి గట్టిగా చెప్పించండి, వాటి స్థానంలో 1915 నంబరు కనిపించేలా పెట్టించండి. మా వీధి చివర షాపులో ఆ స్టాంపు ఈ ఉదయం కూడా కౌంటరు మీదే ఉంది.

ఇట్లు
ఒక పాఠకురాలు, తెనాలి