మా కొటేషన్లలో ఎస్‌ఎంపీఎస్ ఖర్చు ఎందుకు పెరిగిందంటే

మా దగ్గర కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునే కస్టమర్లందరికీ నమస్కారం.

ఈమధ్య కొటేషన్ తీసుకున్నవాళ్లు చాలామంది ఎస్‌ఎంపీఎస్ గురించి, అంటే కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా గురించి, ఒకే మాట అడుగుతున్నారు. "ప్రాసెసర్‌కి, గ్రాఫిక్స్ కార్డుకి పెడతాం సరే, ఎస్‌ఎంపీఎస్‌కి అంత ఎందుకండీ? కేబినెట్‌తో పాటు ఒకటి వస్తుంది కదా?" అని. సూటిగానే చెబుతున్నాను. గ్రాఫిక్స్ కార్డు ఉన్న ఏ సిస్టమ్‌కూ కేబినెట్‌తో వచ్చే పవర్ సప్లై ఇకపై మేం బిగించం. దీనివల్ల మా కొటేషన్ మిగతాచోట్ల కంటే ఎక్కువగా కనిపిస్తుందని తెలుసు. ఆ తేడా చూసి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. అయినా ఈ విషయంలో తగ్గదలచుకోలేదు.

ప్లగ్గులోంచి వచ్చే ఏసీ కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి ఇవ్వడం ఎస్‌ఎంపీఎస్ పని. ఇప్పటి సిస్టమ్‌లలో భారమంతా దాదాపు 12 వోల్టుల లైను మీదే పడుతుంది, ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ కరెంటు అక్కడినుంచే వెళ్తుంది కాబట్టి. అందుకే పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న వాట్ల అంకెను పక్కన పెట్టండి. ఎస్‌ఎంపీఎస్‌కు అంటించిన లేబుల్‌లో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి, 12తో గుణించండి. అక్కడ 25 అని ఉంటే వచ్చేది 300 వాట్లే. పైన 450 అని ఎంత గొప్పగా రాసినా మీ కార్డుకీ ప్రాసెసర్‌కీ కలిపి దొరికేది ఆ 300. 12 వోల్టుల లైన్లు రెండు మూడు చూపించి ఉంటే వాటిని మీరే కూడేయకండి, అన్నిటికీ కలిపి ఇచ్చిన గరిష్ఠ పరిమితి ఎంతో చూడండి.

నాసిరకం ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చే అసలు చిక్కు ఏమిటంటే, తప్పు దానిదని ఎవరికీ అనుమానం రాదు. బ్రౌజర్ తెరిచినప్పుడు అంతా బాగుంటుంది. గేమ్ మొదలుపెట్టిన కాసేపటికి సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. ర్యామ్ మారుస్తారు, విండోస్ మళ్లీ ఎక్కిస్తారు, గ్రాఫిక్స్ కార్డును సర్వీసుకు పంపుతారు. లోడ్ పెరిగినప్పుడు వోల్టేజి పడిపోతోందని చివరికెప్పుడో తేలుతుంది. కంప్యూటర్ పవర్ సప్లైలకు వర్తించే ఏటీఎక్స్ ప్రమాణం పాత 2.x రూపం ప్రకారం 12 వోల్టుల లైను 5 శాతానికి మించి అటూ ఇటూ జరగకూడదు, అంటే 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్యే ఉండాలి. మంచి యూనిట్‌లో ఓవర్ వోల్టేజి, ఓవర్ కరెంట్, షార్ట్ సర్క్యూట్, వేడి, వీటన్నిటికీ ప్రొటెక్షన్ ఉంటుంది. ఏదైనా హద్దు దాటితే అది తనంతట తానే ఆగిపోతుంది. చవకరకాల్లో వీటిలో కొన్ని ఉండవు, ఉన్నా సమయానికి పనిచేయవు. అలాంటిది కాలిపోతూ మదర్‌బోర్డును, హార్డ్‌డిస్క్‌ను కూడా తీసుకుపోతే, అందులోని పిల్లల ఫొటోలను ఏ వారంటీ తెచ్చివ్వదు. నా పట్టుదలంతా దీని గురించే.

అలాగని మీతో అవసరానికి మించి కొనిపించం. ఇంట్లో గేమింగ్‌కు ఆర్‌టీఎక్స్ 4060 కార్డు, 65 వాట్ల తరగతి ప్రాసెసర్ పెట్టుకునేవాళ్లు కూడా 850 వాట్లు కావాలంటున్నారు. ఆ కార్డు తీసుకునేది 115 వాట్లు. మిగతావన్నీ కలిపినా సిస్టమ్ మొత్తం 300 దాటడం కష్టం. ఆ కార్డు చిప్ తయారుచేసే ఎన్‌విడియా కూడా దానికి 550 వాట్ల సప్లై చాలంటుంది. మంచి 550 ఉండగా నాసిరకం 850 ఎందుకు? ఆర్‌టీఎక్స్ 4090 లాంటి 450 వాట్ల కార్డుల సంగతి వేరు. వాటి వాడకం కన్నుమూసి తెరిచేలోగా ఆ అంకెను దాటి బాగా పైకి ఎగబాకగలదు. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ఈ కుదుపుల్ని తట్టుకోవడానికే నిబంధనలు పెట్టింది. పెద్ద కార్డు కొనేవాళ్లకు 3.0 గానీ 3.1 గానీ ఉన్న యూనిట్ మాత్రమే ఇస్తాం. వాటి 16 పిన్నుల కనెక్టర్ చివరిదాకా దిగకపోతే వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది. అందుకని కేబినెట్ మూత వేసేముందు ఆ కనెక్టర్‌ను మీకు చూపించి మరీ వేస్తాం.

ఎస్‌ఎంపీఎస్ పెట్టెల మీద కనిపించే బ్రాంజ్, గోల్డ్ అనే 80 ప్లస్ ముద్రల గురించి కూడా అడుగుతున్నారు. 80 ప్లస్ ముద్ర కరెంటు ఎంత ఆదా అవుతుందో చెబుతుంది, అంతే. ప్రొటెక్షన్లు ఎలా ఉన్నాయో, వోల్టేజి ఎంత నిలకడగా ఉందో దాన్నిబట్టి తెలియదు. 115 వోల్టుల పరీక్షలో సగం లోడ్ దగ్గర బ్రాంజ్‌కు 85 శాతం, గోల్డ్‌కు 90 శాతం సామర్థ్యం ఉండాలి. సిస్టమ్ 400 వాట్లు వాడుతుంటే, 80 శాతం యూనిట్ గోడనుంచి 500 లాగి 100 వాట్లు వేడిగా వదిలేస్తుంది. 90 శాతందైతే ఆ వేడి 44 వాట్లకు దిగుతుంది. రోజంతా రెండరింగ్ (వీడియోలు, త్రీడీ బొమ్మలు తయారుచేసే పని) చేసేవాళ్లు గోల్డ్ తీసుకోండి. సాయంత్రం కాసేపు వాడుకునేవాళ్లకు మంచి బ్రాంజ్ చాలు, మిగిలిన డబ్బు ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి.

ఇంకో ముఖ్యమైన విషయం. మాడ్యులర్ సప్లై (కేబుళ్లను విడిగా ఊడదీసి పెట్టుకునే రకం) మారుస్తున్నప్పుడు పాత కేబుళ్లు దయచేసి వాడకండి. ప్లగ్గు సరిగ్గా పట్టినా లోపల పిన్నుల వరుస కంపెనీకో రకంగా ఉంటుంది, ఒకే కంపెనీ మోడళ్ల మధ్య కూడా మారుతుంది. డ్రైవ్‌లు క్షణంలో పోతాయి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మీరే విప్పే ప్రయత్నం కూడా వద్దు. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉండవచ్చు.

ఇప్పటికే కొటేషన్ తీసుకున్నవాళ్లు, పాత ఎస్‌ఎంపీఎస్‌తోనే కొత్త కార్డు పెట్టించుకోవాలనుకునేవాళ్లు ముందు దాని లేబుల్ ఫొటో, కొన్న సంవత్సరం మాకు పంపండి. పనికొచ్చేదైతే అదే ఉంచుదామని చెబుతాం. పనికిరాదనుకుంటే కారణం రాసి పంపుతాం, ఆ తర్వాత ఎక్కడ కొనాలన్నది మీ ఇష్టం.