పెల్లెట్ సంగతి రైఫిల్‌నే అడుగు

విశాఖపట్నం

ఒరేయ్ సత్యం,

నీ ఉత్తరం అందింది. మ్యాచ్ ఎయిర్ రైఫిల్ సెకండ్ హ్యాండ్‌లో దొరకడం అదృష్టమే. కానీ మూడు రకాల పెల్లెట్లు, అదే సీసం గుండ్లు, తెప్పించి, ఒక్కో రకం ఐదేసి కొట్టి, "ఏదీ కుదరట్లేదురా, బ్యారెల్ పోయినట్టుంది" అని తేల్చేశావు చూడు, అది మాత్రం ఒప్పుకోను. సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్ళే మెత్తని సీసం స్టీలు బ్యారెల్‌ని అంత తొందరగా అరగదీయదు. అనుమానించాల్సినవి దానికంటే ముందు చాలా ఉన్నాయి. ఒక్కోటీ చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు లెక్క చూసుకో. పది మీటర్ల రైఫిల్ కార్డు, అంటే టార్గెట్ కాగితం, మీద పదో రింగు అర మిల్లీమీటరు చుక్క. ఒక్కో రింగు వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు కాబట్టి, రంధ్రం నడిబొడ్డు కార్డు నడిబొడ్డు నుంచి 2.5 మిల్లీమీటర్లలోపు ఉంటే 10.0. అక్కణ్ణుంచి పావు మిల్లీమీటరు దగ్గరయ్యే కొద్దీ ఒక్కో దశాంశం పెరుగుతుంది. పావులోపే ఉంటే 10.9. అభినవ్ బింద్రా 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో 700.5 కొట్టి గెలిచినప్పుడు క్వాలిఫికేషన్‌లో దశాంశాల్లేవు. 596 మీద ఫైనల్ 104.5 కలిపారు. 2013 నుంచి క్వాలిఫికేషన్‌లో కూడా దశాంశాలే. అరవై షాట్లకి 630 రావాలంటే సగటున 10.5, అంటే ప్రతి గుండూ నడిబొడ్డు నుంచి 1.25 మిల్లీమీటర్లలోపు పడాలి. ఇప్పుడు చూడు. పెల్లెట్ కుదరక గ్రూపు, అంటే గుండ్లన్నీ కలిసి పడ్డ మేర, బయటి అంచు నుంచి బయటి అంచుకి 8 మిల్లీమీటర్లు వస్తే, నువ్వు రాయిలా కదలకుండా నిలబడ్డా చివరి గుండు 10.3 దగ్గర పడుతుంది. అదే గ్రూపు ఐదున్నరలో ఉంటే అన్నీ 10.8 పైనే. ఇంత తేడా ఉంది కాబట్టే పెల్లెట్ పరీక్ష మీద అంత శ్రద్ధ పెట్టమంటాను. అయితే దానికి ముందు రైఫిల్ పరీక్షకి తగినట్టు ఉండాలి కదా.

గన్‌స్టాక్‌కీ (చెక్క భాగం) యాక్షన్‌కీ (బ్యారెల్, ట్రిగ్గర్ బిగించే లోహపు భాగం) మధ్య ఉండే రెండు స్క్రూలు తీసి చూడు. సెకండ్ హ్యాండ్ రైఫిల్లో ఇవి వదులుగా ఉండటం మామూలే. గ్రూపు ఒకసారి పైన, ఒకసారి పక్కన, కారణం లేకుండా తిరుగుతుందంటే మొదటి అనుమానం వీటి మీదే. టార్క్ రెంచ్ కొనుక్కో. మాన్యువల్‌లో ఎన్ని న్యూటన్ మీటర్లు అని ఇస్తే అంతే బిగించు, చేత్తో "గట్టిగానే ఉంది" అనుకోవద్దు. ముందు స్క్రూ ఎక్కువ, వెనక స్క్రూ తక్కువ బిగిస్తే యాక్షన్ కొంచెం వంగుతుంది, అది మన కంటికి కనిపించదు. తర్వాత గురి చూసే బ్యాక్ సైట్ పట్టాల మీద కదులుతోందేమో వేలితో పట్టుకుని ఊపి చూడు, ఫ్రంట్ సైట్ టన్నెల్ కూడా. ఈ మూడూ పావుగంట పని, చాలామంది ఈ పావుగంట వదిలేసి డబ్బులు పెల్లెట్లకి తగలేస్తారు.

ఇక గాలి. గుండుని తోసేది రైఫిల్ సిలిండర్‌లో నొక్కి నింపిన గాలే, దాన్ని పెద్ద సిలిండర్ నుంచో చేతి పంపుతోనో నింపుతాం. ఇది మన విశాఖ వాళ్ళకి ప్రత్యేకం రా, పక్కనే సముద్రం ఉంది కదా. ముప్పై డిగ్రీల వేడిలో, తేమ 75 శాతం ఉన్న రోజు ఒక ఘనమీటరు గాలిలో దాదాపు 23 గ్రాముల నీరు ఉంటుంది. పది లీటర్ల సిలిండర్‌ని 200 బార్ ఒత్తిడికి నింపితే రెండు ఘనమీటర్ల గాలి దాన్లోకి పోయినట్టు. అంటే 45 గ్రాములు, మూడు టేబుల్ స్పూన్ల నీళ్ళు. గాలిని అంత నొక్కితే ఆ ఆవిరి అంతా నీరైపోతుంది. కంప్రెసర్‌లో నీటిని విడదీసే గిన్నె, ఫిల్టరు బాగుంటే అవి అక్కడే ఆగిపోతాయి. లేకపోతే సిలిండర్లోకి, అక్కణ్ణుంచి ప్రతి షాట్‌కీ ఒకే ఒత్తిడి ఇచ్చే రెగ్యులేటర్లోకి. రెగ్యులేటర్‌లో తుప్పు పట్టడం మొదలైతే వేగం షాట్ షాట్‌కీ మారుతుంది, మనమేమో పెల్లెట్‌ని తిడతాం.

అందుకే నీ పెద్ద సిలిండర్ ఎక్కడ నింపిస్తున్నావో చూసుకో. రుషికొండ వైపు డైవింగ్ చేసేవాళ్ళు వాడేది మనుషులు పీల్చే గాలి, వాళ్ళకి పొడిగా, నూనె లేకుండా ఉండటం ప్రాణావసరం. అలాంటి కంప్రెసర్ అయితే మనకీ మంచిదే. ఫిల్టర్ ఎప్పుడు మార్చారో అడుగు, సిగ్గుపడకు. చేతి పంపు వాడితే ప్రతి యాభై దెబ్బలకీ ఆగి బ్లీడ్ స్క్రూ (లోపలి ఒత్తిడి, నీరు వదిలే మర) వదులు, పంపు చల్లారనివ్వు. వానాకాలం సాయంత్రాలు పంపు జోలికి పోకు. తేమ తక్కువున్న పూట చూసుకో, కార్తీకం దాటాక అయితే ఇంకా నయం.

ఒక మాట గుండె మీద చెయ్యేసుకుని చెప్తున్నా సత్యం: గాజువాకలోనో మరోచోటో వెల్డింగ్ షాపువాడు "ఆక్సిజన్ ఉంది సార్, నింపేస్తాను, పొడిగా ఉంటుంది" అంటే వద్దు. చచ్చినా వద్దు. రైఫిల్ లోపల సీళ్ళకి రాసిన గ్రీజు ఉంటుంది. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కి నూనె, గ్రీజు తగిలితే నిప్పు లేకుండానే అంటుకుంటుంది. సిలిండర్ నీ మొహానికి దగ్గర్లోనే ఉంటుందని మర్చిపోకు. గాలి మాత్రమే.

రైఫిల్ సిలిండర్ మీద 200 అని ఉంటే 200 బార్ దాటనివ్వకు. నెమ్మదిగా నింపు. గబగబా నింపితే వేడెక్కి గేజ్ 200 చూపిస్తుంది, చల్లారాక 180కి దిగుతుంది. దాని మీద చెక్కిన తయారీ నెల, సంవత్సరం చూడు. తయారీదారులు ఇచ్చే గడువు మామూలుగా పదేళ్ళు. గడువు దాటితే తక్కువ ధరకి వచ్చిందని మురిసిపోవడానికి లేదు, కొత్తది కొనాల్సిందే. మర మీద ఓ-రింగుకి వేలి కొసతో అద్దినంత సిలికాన్ గ్రీజు చాలు.

ఇప్పుడు అసలు పరీక్ష. బల్ల మీద ఇసుక సంచి పెట్టి, రైఫిల్ ముందు చెక్క భాగాన్ని దాని మీద ఆనించు. బ్యారెల్‌ని గానీ సిలిండర్‌ని గానీ సంచికి ఆనించకు, గుండు పడే చోటు మారిపోతుంది. పరీక్ష పెట్టే ముందు ఫెల్ట్ ముక్కలు రెండు మూడు పెల్లెట్ బదులు పెట్టి కొట్టి బ్యారెల్ తుడువు, ఇత్తడి బ్రష్ వద్దు. తుడిచిన వెంటనే కార్డు మీద లెక్క పెట్టకు. బ్యారెల్‌కి మళ్ళీ సీసం పొర పట్టాలి, అందుకని పది పదిహేను వదిలెయ్. ఒక రకం నుంచి ఇంకో రకానికి మారినప్పుడు కూడా మొదటి పది లెక్కలోకి రావు. నువ్వు ఐదేసి కొట్టి తీర్పు చెప్పావు, పైగా మారిన వెంటనే. అవన్నీ పాత సీసం మీద నడిచినవే.

ఐదు షాట్ల గ్రూపు నమ్మకు. అదృష్టం కలిసొస్తే నాసిరకం పెల్లెట్ కూడా ఐదూ ఒకే రంధ్రంలో పెడుతుంది. పదేసి షాట్ల గ్రూపులు మూడు, ఒక్కో రకానికి. మూడు కార్డులూ ఉంచుకుని వాటిలో చెత్త కార్డు ఏదో చూడు. మ్యాచ్‌లో నీకు నష్టం తెచ్చేది ఆ చెత్త కార్డే కాబట్టి, నేనైతే మంచి కార్డు చూసి కాదు, దాన్ని చూసే పెల్లెట్‌ని ఎంచుకోమంటాను. కొలిచేటప్పుడు వెర్నియర్ కాలిపర్‌తో బయటి అంచు నుంచి బయటి అంచుకి, అందులోంచి 4.5 తీసెయ్.

రకాల సంగతి: రైఫిల్‌కి 0.53 గ్రాములవి, 0.45వి పిస్టల్‌కి. ముక్కు చదునుగా ఉన్నవే కొను, కార్డు మీద గుండ్రంగా శుభ్రంగా పంచ్ చేసేవి అవే. డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని తల సైజు ఉంటుంది. ఇది మామూలుగా పెద్ద తేడా చేస్తుంది, ఒకే కంపెనీ అయినా సరే. హెచ్ అండ్ ఎన్ 4.50 నీ బ్యారెల్‌కి పడకపోయినా 4.49 పడొచ్చు, జేఎస్‌బీ, ఆర్‌డబ్ల్యూఎస్‌ల్లోనూ అంతే. పక్కవాడికి కుదిరిందని నీకు కుదరాలని ఏం లేదు, నీ రైఫిల్‌కి ఏది నచ్చుతుందో దాన్నే అడగాలి. ఒకటి కుదిరాక డబ్బా వెనక బ్యాచ్ నంబరు రాసుకుని అదే బ్యాచ్ ఎక్కువ కొనిపెట్టు. వారానికి ఐదు రోజులు వందేసి కొడితే నెలకి రెండు వేలు దాటుతాయి, 500ల డబ్బాలు ఐదు కావాలి. మరుసటి బ్యాచ్ వచ్చాక మళ్ళీ మూడు కార్డులు.

తూకం మీద మోజు పెంచుకోకు. కురుపాం మార్కెట్లో బంగారం తూచే చిన్న త్రాసుతో వెయ్యో వంతు గ్రాముకి విడదీయొచ్చు, కానీ మ్యాచ్ గ్రేడ్ పెల్లెట్లలో దాని వల్ల వచ్చేది తక్కువ. దాని కంటే కంటితో చూడు: స్కర్ట్ (వెనక బోలుగా ఉండే భాగం) అంచు నొక్కుకుపోయిందా, లోపల సీసం పొడి అంటుకుందా, తలలో గీత ఉందా. తెల్ల కాగితం మీద ఒక్కోటీ దొర్లించు, స్కర్ట్ వంగింది వంకరగా తిరుగుతుంది. అవి ప్రాక్టీసుకి పక్కన పెట్టు. చెమట చేత్తో తీసి డబ్బాలో వెయ్యకు, ఉప్పుగాలికి తెల్ల బూజులా పడుతుంది. డబ్బాలో చిన్న సిలికా జెల్ పొట్లం పడేస్తే చాలు. రైఫిల్‌ని కూడా రాత్రంతా మూసిన కేసులో ఉంచకు, ఆ స్పాంజి తేమని పట్టుకుని స్టీలుకి అందిస్తుంది. తుడిచి బయటే పెట్టు.

గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఎవరి దగ్గరైనా దొరికితే పది షాట్ల వేగం రాసుకో. పది మీటర్లు దాటడానికి గుండుకి దాదాపు 0.06 సెకన్లు పడుతుంది, అంతలో అది 18 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. వేగం 172 నుంచి 169కి పడితే ఆ జారుడు ఇంకో అర మిల్లీమీటరు పైనే పెరుగుతుంది, అంటే రెండు దశాంశాలు. పదింటి మధ్య తేడా మూడు మీటర్లలోపు ఉంటే నిశ్చింతగా ఉండు. ఎక్కువుంటే రెగ్యులేటర్ సంగతి, సర్వీస్ తెలిసినవాడికి ఇవ్వు, నువ్వు విప్పకు. సిలిండర్ గేజ్ ఏ అంకె దగ్గర వేగం జారడం మొదలవుతుందో కూడా అప్పుడే తెలుస్తుంది. ఆ అంకెకి ఇరవై బార్లు ముందే నింపుకో.

సైట్లకి వస్తే, నల్ల గుండ్రం 30.5 మిల్లీమీటర్లు. ఫ్రంట్ సైట్ కంటికి 85 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ నలుపు అక్కడ 2.6 మిల్లీమీటర్లంత కనిపిస్తుంది. ఫ్రంట్ సైట్‌లో 3.2 మిల్లీమీటర్ల రింగు పెట్టుకుంటే నలుపు చుట్టూ తెలుపు సన్నని దారంలా మిగులుతుంది, కాస్త ఊగితే కంటికి అది పెద్ద తప్పులా తోచి ట్రిగ్గర్ నొక్కాల్సిన వేలు ఆగిపోతుంది. 3.8 నుంచి 4.2 మధ్య మొదలుపెట్టు. బ్యాక్ సైట్‌లో చూసే రంధ్రం, అదే ఐరిస్, 1.0 దగ్గర, లైటు తక్కువైతే 1.2. కార్డు మీద 1500 లక్స్ వెలుగు ఉండాలి, హాల్లో మామూలు బల్బు చాలదు.

ట్రిగ్గర్ నియమాల్లో కనీస బరువు లేదని సన్నగా పెట్టేసుకోవద్దు, నీకూ, రైఫిల్ పట్టే మీ పాపకీ 100 నుంచి 120 గ్రాములు. నిలబడ్డాక కళ్ళు మూసి రెండు ఊపిరులు తీసి తెరువు. రింగు నలుపు పక్కకి పోయి ఉంటే చేత్తో లాక్కోకుండా వెనక పాదం జరుపు. ఎత్తు తేడా ఉంటే చేతి కింద ఎత్తు పెంచే దిమ్మ, అదే రైజర్‌తో సరిచెయ్. పాప ఎత్తు పెరుగుతుంది కాబట్టి బట్ ప్లేట్ (భుజానికి ఆనే పలక), చీక్ పీస్ (చెంప ఆనించే దిమ్మ) మరలు ఎక్కడున్నాయో ప్రతి నెలా పెన్సిల్‌తో గీత పెట్టి రాసుకో. చీక్ పీస్ ఎత్తు సరిగ్గా ఉందంటే తల బరువుగా ఆనించగానే కన్ను తనంతట తానే ఐరిస్ మధ్యకి రావాలి, మెడ సాగదీయకుండా.

సీసం మాత్రం తేలిగ్గా తీసుకోకు. కొట్టాక చేతులు సబ్బుతో కడిగే తినాలి, పెల్లెట్ నోట్లో పెట్టుకోవడం పాపకి అసలు అలవాటు కానివ్వకు. గుండ్లని పట్టే ట్రాప్ వెనక ఇనుప రేకు ఏటవాలుగా ఉండాలి, ప్లైవుడ్ ఒక్కటీ చాలదు. దాన్ని ఊడ్చేటప్పుడు తడి గుడ్డ వాడు, పొడి చీపురు వద్దు. తలుపు ఉన్న వైపు కార్డు పెట్టకు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇదీ: స్క్రూలు, తుడవడం, తర్వాత అదే మూడు రకాలు పదేసి మూడు సార్లు. ఒకసారి ఒకటే మార్చు. కార్డుల వెనక రకం, తల సైజు, బ్యాచ్, గేజ్ అంకె, తేదీ రాసి, తొమ్మిది కార్డులూ కవర్లో పెట్టి పంపు. సిలిండర్ మీద తేదీ కూడా రాయడం మర్చిపోకు.

నీ
రామం