ఏటీపీ బంధంలో శక్తి మూటకట్టి ఉండదు

సంపాదకులకు నమస్కారం.

బైపీసీ పిల్లల కోసం పత్రికల చదువు పేజీల్లో వచ్చే బిట్లలోనూ, కోచింగ్ మెటీరియల్‌లోనూ ఒక మాట పదేపదే కనిపిస్తోంది. కణాలు తమ పనులకి శక్తి కోసం వాడుకునే అణువు ఏటీపీ, దాని చివరి ఫాస్ఫేట్ బంధంలో శక్తి నిల్వ ఉంటుందట, బంధం తెగగానే అది బయటికొస్తుందట. ఇది తప్పు. అదే పిల్లలకి పక్క పీరియడ్‌లో కెమిస్ట్రీ సారు ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి ఇవ్వాల్సిందేనని చెబుతున్నారు. మొన్న క్లాసులో ఒకమ్మాయి లేచి "సార్, ఈ రెండిట్లో పరీక్షలో ఏది రాయమంటారు?" అని అడిగింది. ఆ అమ్మాయి సందేహం నూటికి నూరుపాళ్లు సరైనది.

ఏటీపీ బంధం తెగడానికీ శక్తి ఖర్చవుతుంది. కాకపోతే నీటితో చర్య జరిగినప్పుడు పాత బంధాలు తెగడంతో పాటు కొత్తవి ఏర్పడతాయి, మొత్తం లెక్క చూడాలి. ఏటీపీలో మూడు ఫాస్ఫేట్లు ఒకదాని పక్కన ఒకటి, వాటి మీద దాదాపు నాలుగు ఋణావేశాలు ఇరుకిరుగ్గా ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. చివరి ఫాస్ఫేట్ విడిపోతే ఆ ఒత్తిడి తగ్గుతుంది, విడివడిన ఫాస్ఫేట్ రెసొనెన్స్ (ఎలక్ట్రాన్లు ఒకచోటే ఉండకుండా పరుచుకోవడం) వల్ల కుదుటపడుతుంది, నీటి అణువులూ దాని చుట్టూ బాగా చేరతాయి. అంటే చివరికి మిగిలినవి మొదట ఉన్నవాటికన్నా స్థిరమైనవి. ఆ తేడాయే మనం చెప్పే స్వేచ్ఛాశక్తి, అంటే పనికి వాడుకోగల శక్తి, ప్రామాణిక పరిస్థితుల్లో మోల్‌కి 30.5 కిలోజౌళ్లు. కణంలో ఏడీపీ (ఒక ఫాస్ఫేట్ పోయాక మిగిలేది) కన్నా ఏటీపీ చాలా ఎక్కువగా ఉండేలా శరీరం చూసుకుంటుంది, అందుకే అక్కడ ఇది 50 దాకా వెళ్తుంది.

గ్లూకోజ్‌కి ఫాస్ఫేట్ తగిలించడం చూడండి. విడిగా అయితే మోల్‌కి 13.8 కిలోజౌళ్లు కావాలి, తనంతట తాను జరగదు. హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ ఏటీపీలోని ఫాస్ఫేట్‌ని నేరుగా గ్లూకోజ్‌కి అప్పజెబుతుంది, రెండు లెక్కలూ కలిపితే (13.8 లోంచి 30.5 తీసేస్తే) మైనస్ 16.7, మైనస్ అంటే శక్తి విడుదలయ్యే వైపు కాబట్టి చర్య ముందుకు నడుస్తుంది. ఇందులో శక్తి ముందు బయటికొచ్చి తర్వాత గ్లూకోజ్‌కి అందడమనేది ఎక్కడా లేదు. అలా విడిగా బయటికొస్తే వేడిగా పోతుంది, కణానికి పనికిరాదు. ఎంజైమ్ కూడా చర్య వేగాన్ని పెంచుతుందే గానీ ఆ 16.7ని పిసరంత కూడా మార్చలేదు. "ఎంజైమ్ చర్యకు శక్తినిస్తుంది" అని రాసిన మెటీరియల్ కూడా పిల్లల చేతుల్లో ఉంది.

పుస్తకాల్లో ఫాస్ఫేట్ల మధ్య గీసే అలలాంటి గీత 1941లో జీవరసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ లిప్‌మన్ పెట్టిన గుర్తు. ఫాస్ఫేట్‌ని ఇంకో అణువుకి అందించే సామర్థ్యానికి గుర్తుగా దాన్ని చదివితే ఏ గొడవా ఉండదు.

ఈ ఏటీపీ మీద తెలుగువాళ్లకి కాస్త ఎక్కువ మమకారమే ఉండాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరాల్లో ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని కనుగొన్నారు (అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు). అలాంటి అణువు గురించి మన పిల్లలు తప్పు బట్టీపట్టడం నాకు బాధగా ఉంది.

నేను అడిగేది పెద్ద మార్పేం కాదు. "బంధం తెగితే శక్తి వస్తుంది" అన్నచోట "ఏటీపీ నీటితో చర్య జరిపి ఏడీపీగా, ఫాస్ఫేట్‌గా మారినప్పుడు శక్తి విడుదలవుతుంది" అని వేయండి. తప్పు వాక్యాన్నే సరైన జవాబుగా ఇస్తున్న బిట్లని తీసేయండి. జనవరి 12న సుబ్బారావు గారి జయంతికి వ్యాసం వేసేటట్లయితే ఇంటర్ పిల్లలకి అర్థమయ్యేలా ఈ లెక్క కూడా అందులో చేర్చండి, కావాలంటే రాసివ్వడానికి నేను సిద్ధం.

– ఒక ఇంటర్ బోటనీ లెక్చరర్, తణుకు