విజయనగరంలో ఇళ్ల ధరలు: బయానా ఇచ్చే ముందు వేసుకోవాల్సిన లెక్క

ఇల్లు చూసిపెట్టమని మాకు చెప్పి ఉంచిన వారందరికీ ఈ సమాచారం. దాసన్నపేట నుంచి రింగ్ రోడ్డు దాకా కట్టిన ఇల్లు ఏది బయటికొచ్చినా అడిగిన ధరకి దగ్గర్లోనే అమ్ముడవుతోంది. తూర్పు ముఖం, కార్నర్ బిట్టు అయితే అడిగినదానికి మించి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఈ ధరలు తగ్గే వరకు ఆగమని మేం చెప్పలేం, ఎగబడి కొనమనీ చెప్పం. ఏ ఇంటికి ఎంతవరకు వెళ్లొచ్చో మీరే తేల్చుకునే పద్ధతి మాత్రం చెప్పగలం.

ముందు కారణం. భోగాపురం విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది ఊళ్లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. హైవే పక్క స్థలాలు మామూలు ఉద్యోగికి అందకుండా పోయాయి. ఎకరానికి 4,840 గజాలు ఉన్నా రోడ్లు, పార్కుకి వదిలాక లేఅవుట్‌లో అమ్మకానికి మిగిలేది సుమారు 2,700 గజాలే. అందుకే ఎకరం రేటు పెరిగితే గజం మీద భారం దాదాపు రెండింతలు పడుతుంది. అక్కడ కొనలేనివాళ్లు ఊళ్లో పాత ఇళ్ల వైపు తిరిగారు. ఇళ్లున్నవాళ్లు మాత్రం ఇంకా పెరుగుతుందని అమ్మకం వాయిదా వేస్తున్నారు. సరుకు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. ఒక మాట గుర్తుంచుకోండి: భోగాపురం మన ఊరికి 20 కిలోమీటర్లకు పైనే. "ఎయిర్‌పోర్టుకి దగ్గర" అన్న మాటకి దాసన్నపేట ఇంటికి విడిగా డబ్బు కట్టనక్కర్లేదు.

అసలు చిక్కు బ్యాంకు దగ్గర వస్తోంది. ఉదాహరణకి 160 గజాల్లో 1,100 చదరపు అడుగుల ఇల్లు, వయసు 12 ఏళ్లు, అడుగుతున్నది 68 లక్షలు అనుకుందాం. ఆ వీధిలో స్థలం గజం 22,000 పలుకుతుంటే స్థలం విలువ 35.20 లక్షలు. ఇవాళ అలాంటి ఇల్లు కట్టడానికి అడుగుకి 1,900 అనుకుంటే 20.90 లక్షలు. కట్టడం ఆయుష్షు 60 ఏళ్లు, చివర మిగిలే విలువ 10 శాతం అని బ్యాంకు తరఫున ఇంటికి విలువ కట్టే వాల్యుయేటరు లెక్క వేస్తే 12 ఏళ్లకి 18 శాతం తరుగు పోతుంది, 17.14 లక్షలు మిగులుతుంది. రెండూ కలిపితే 52.34 లక్షలు. అగ్రిమెంటులో రాసిన ధర, వాల్యుయేటరు చెప్పిన విలువ, ఈ రెండింటిలో తక్కువదాని మీదే బ్యాంకు అప్పు ఇస్తుంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం అప్పు 30 లక్షల వరకైతే విలువలో 90 శాతం, 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం మించకూడదు. ఇక్కడ 80 శాతం అంటే 41.87 లక్షలు.

ఇంటి ధరలో మీరు తెచ్చుకోవాల్సింది 26.13 లక్షలు. రిజిస్ట్రేషనుకి స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, ఫీజు 1, మొత్తం 7.5 శాతం. 68 లక్షల మీద 5.10 లక్షలు. ఇంత ధర ఉన్న ఇంటికి ఈ ఖర్చు మీద బ్యాంకు అప్పు రాదు. అన్నీ కలిపి చేతిలో 31.23 లక్షలు ఉండాలి. ధరలో 20 శాతం, పైన రిజిస్ట్రేషను ఖర్చు చాలనుకుని 18.70 లక్షలతో వచ్చినవారికి పన్నెండున్నర లక్షలు తక్కువ పడతాయి. బయానా ఇచ్చి, గడువు దగ్గరపడ్డాక ఈ సంగతి తెలిస్తే బంగారం కుదువపెట్టాలి, లేదంటే బయానా వదులుకోవాలి. ఏ కుటుంబానికీ ఆ పరిస్థితి రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాం.

తూర్పు ముఖానికి, మార్బుల్‌కి, మాడ్యులర్ కిచెన్‌కి మీరు మనసుపడి ఎక్కువ ఇస్తారు. వాల్యుయేటరు వాటికి పెద్దగా విలువ కట్టడు. ప్లానులో ఒక అంతస్తుకే అనుమతి ఉండి పైన ఇంకోటి లేపితే, ఆ పై అంతస్తుని లెక్కలోకే తీసుకోకపోవచ్చు. అలాంటి ఇంట్లో మేడ మీద అద్దె చూపించి ధర పెంచుతున్నారు. అప్రూవ్డ్ ప్లాను కాపీ చేతికొచ్చాకే ధర మాట్లాడండి. లేఅవుట్‌కి అనుమతి లేని చోట కొంటే రేపు ప్లాను కోసం వెళ్లినప్పుడు లేఅవుట్‌లో పార్కుకి వదలని జాగాకి బదులుగా ఖాళీ స్థలం రుసుము కట్టమంటారు. ఆ మొత్తం ఎంతో కనుక్కుని ధరలోంచి తగ్గించమని ఇప్పుడే అడగాలి. 22-ఎ జాబితా (రిజిస్ట్రేషను నిషేధించిన ఆస్తుల జాబితా), 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (ఇంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులు) చూడటం ఎలాగూ తప్పదు.

పక్కింటి అమ్మకం ధరతో పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. చాలా దస్తావేజుల్లో రిజిస్ట్రేషను కోసం ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువే రాస్తారు, అసలు ఇచ్చింది రాయరు. బ్యాంకు అప్పుతో కొన్న ఇళ్ల దస్తావేజుల్లో ధర నిజానికి దగ్గరగా ఉంటుంది. వీధిలో అలాంటివి రెండు మూడు దొరికితే వాటినే ఆధారం చేసుకోండి.

"దస్తావేజులో సగం, మిగతాది నగదు" అనే బేరానికి మేం మధ్యవర్తిగా ఉండం. స్థలం, ఇల్లు లావాదేవీలో 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. కొన్నవారికి నష్టం ఇంకో చోట ఉంది: దస్తావేజులో తక్కువ రాస్తే అప్పు తగ్గుతుంది, రేపు అమ్మినప్పుడు లాభం ఎక్కువగా కనిపించి పన్ను పెరుగుతుంది. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మకందారుకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే మినహాయించే ఆదాయపు పన్ను) పట్టి కట్టాల్సిన బాధ్యత కొనేవారిదే.

ఇకపై మా ద్వారా జరిగే ప్రతి అగ్రిమెంటులో రెండు షరతులు ఉంటాయి. బ్యాంకు వాల్యుయేషను అనుకున్నదానికంటే తగ్గి అప్పు చాలకపోతే బయానా 15 రోజుల్లో తిరిగివ్వాలి. రిజిస్ట్రేషను గడువు 90 రోజులకి తగ్గకూడదు. వీటికి ఒప్పుకోని అమ్మకందారులు ఉంటారు, డిమాండు ఉన్నప్పుడు వాళ్లకి ఆ వీలుంది. అలాంటి ఇల్లు మీకు బాగా నచ్చితే, బయానాకి ముందే సొంత ఖర్చుతో వాల్యుయేషను చేయించుకోండి. ఆ ఫీజు కొన్ని వేలల్లోనే ఉంటుంది.

ఆషాఢంలో బేరాలు నెమ్మదిస్తాయి, శ్రావణం రాగానే రిజిస్ట్రేషన్లు ఊపందుకుంటాయి. ముహూర్తం ఎప్పుడైనా సరే, ధర మాట్లాడుకోవడం ఆషాఢంలో పెట్టుకుంటే నిదానంగా తేల్చుకునే వీలుంటుంది. వచ్చేటప్పుడు మూడు నెలల జీతం స్లిప్పులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఇప్పటికే ఉన్న అప్పుల వాయిదాల వివరం తీసుకురండి. మీకు ఎంత అప్పు వస్తుందో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే ఇళ్లు చూపిస్తాం.